తిరుచ్చులిలో కాగితపు పడవలు

పోయిన వేసవి సెలవులలో ఒక ఆదివారం మేము నలుగురము తిరుచ్చులి వెళ్ళి వచ్చాము. నలుగురమంటే నేను, మా ఇంటావిడ, పదకొండేండ్ల మా అబ్బాయి, వాడికంటె మూడేండ్లు చిన్నదైన మా పాప. మాది కోవిల్పట్టి. ఇక్కడ బస్సెక్కి ఎట్టయాపురం, పందల్గుడి మీదుగా అరుప్పుకోటలో దిగి, అక్కడ మరొక బస్సు పట్టుకోవాలి. విరుదునగరం నుండి మానామదురై పోయే రైలుదారిలో తిరుచ్చులికి స్టేషను ఉన్నది గాని, మాకు బస్సే అనుకూలపడింది.

తిరుచ్చులి రమణ మహర్షి పుట్టిన ఊరు. మన తెలుగువారు గుంటూరు నుండి, నెల్లూరు నుండి తిరువణ్ణామలైకి బస్సులు కట్టించుకొని వస్తారు. మనమో, ఆయన పుట్టిన ఇంటికి పూట ప్రయాణంలో తరతరాలుగా కాపురాలు చేస్తూ, “ఎప్పుడైనా పోదాములే” అనుకొంటూ ఉంటాము. నేను నలభై ఆరేండ్లు అట్లా అనుకొన్నాను.

భక్తి పుట్టి బయలుదేరానని చెబితే అబద్ధమవుతుంది. ఇంట్లో ఒక తగవు జరిగి, మనసు బాగులేక బయలుదేరాను. ఆ తగవు చెప్పక తప్పదు.

మా అబ్బాయి ఇంట్లో తెలుగే మాట్లాడుతాడు. మన వైపు తెలుగు, అంటే సగం తమిళం కలిసినదే అనుకోండి. కాని తెలుగు అక్షరం ముక్క రాదు. 2006లో వచ్చిన చట్టం ప్రకారం మన రాష్ట్రంలో బడిపిల్లలందరు తమిళం చదవాలి, చదువుతున్నాడు. దానితో నాకు పేచీ లేదు. ఏ నీళ్ళు తాగుతున్నామో ఆ నేల భాష రావలసిందే. అయితే మా నాయనగారు పోయి ఆరేండ్లయింది. ఆయన వ్రాసుకొన్న నోటుబుక్కు ఒకటి అటకమీద ట్రంకుపెట్టెలో ఉన్నది. ప్రత్తి ఏ సంవత్సరం ఏమి ధర పలికింది, ఏ వాన ఏ తేదీన పడింది, ఎవరింట్లో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, అంతా తెలుగులోనే, చీమల బారు వంటి అక్షరాలతో. మా అమ్మకు చదువు రాదు. మా ఇంటావిడ చదివినది తమిళమే. నా తరువాత ఆ నోటుబుక్కు పాతకాగితాలవాడి తక్కెడలోకి పోయేదే గదా అన్న దిగులు నాకు పట్టుకొన్నది.

అందుచేత ఈ సెలవులలో వాడికి తెలుగు నేర్పాలని పెద్ద బాలశిక్ష కొన్నాను. నేను గుమాస్తాను గదా, గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? రోజుకొక పుట, పుటకు ఐదు రూపాయలు, దానికొక రిజిస్టరు, అందులో తేదీ, వాడి సంతకం, నా సంతకం! ఎనిమిది రోజులు నడిచింది. తొమ్మిదవ నాడు సాయంత్రం నేను ఆఫీసు నుండి వచ్చేసరికి పెద్దవాన కురిసి, వీధిలో నీళ్ళు పారుతున్నవి. ఆ నీళ్ళలో గుణింతాల పుట ఒకటి పడవై పోతున్నది. వెనుక మరి రెండు సిద్ధంగా ఉన్నవి. కోపం పట్టలేక వాడి వీపుమీద ఒక దెబ్బ వేశాను.

వాడు ఏడవలేదు. “నైనా, నీ పుస్తకం నువ్వే చదువుకో” అన్నాడు.

ఆ రాత్రి మా ఇంటావిడ కంచాలు ఎత్తుతూ, “వాడు తమిళం బడికోసమే చదువుతాడు, ఇంగ్లీషూ బడికోసమే చదువుతాడు. బడి లేనప్పుడు ఫోను తప్ప ఏదీ ముట్టడు. ఏ భాషలోనూ లేని ఇష్టాన్ని మీరు తెలుగులో ఎట్లా పుట్టిస్తారు?” అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఆ వారం చివరనే మా ప్రయాణం.

బస్సు ఊరు దాటగానే రెండు ప్రక్కల నల్లరేగడి. వేసవి గనుక చేలు ఎండి నెరసులు విచ్చుకొని ఉన్నవి. పచ్చగా కనబడేది సీమతుమ్మ ఒక్కటే. ఎట్టయాపురంలో బస్సు ఆగినప్పుడు, సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఊరు ఇదేనని పిల్లలకు చూపించాను. 1882లో పుట్టాడు. ఆ బాలుడిని తండ్రి చిన్నస్వామి అయ్యర్ లెక్కలలో పండితుణ్ణి చేయాలని చూస్తే, వాడి మనసు మాటల మీదనే ఉండేదట. ఈ సంగతి నేనే చెప్పి, ఎందుకు చెప్పానా అనుకొన్నాను. మా వాడు కిటికీ వైపు తిరిగి నవ్వుకొంటున్నాడు.

అరుప్పుకోటలో కాఫీ తాగి, పాపకు మూరెడు మల్లెపూలు కొని, రెండవ బస్సెక్కాము.

తిరుచ్చులి చిన్న ఊరు. తాలూకా కేంద్రమే గాని సందడి లేదు. ప్రక్కన గుండారు. మేము చూచిన నాడు ఏటిలో ఇసుక, పొదలు, రెండు మేకలు, అంతే. ఊరికి ఆయువుపట్టు భూమినాథస్వామి గుడి. స్వామిని తమిళంలో తిరుమేనినాథర్ అంటారు. అమ్మవారు తుణైమాలై అమ్మన్, సంస్కృతంలో సహాయవల్లి. సుందరమూర్తి నాయనారు పాడిన క్షేత్రం కాబట్టి వెయ్యేండ్లకు పైబడిన ప్రసిద్ధి. ప్రళయం వచ్చినప్పుడు శివుడు శూలంతో నేలను పొడిస్తే, ఆ నీరంతా సుడి తిరిగి ఆ రంధ్రంలోకి ఇంకిపోయిందని స్థలపురాణం. ఆ సుడే తమిళంలో ‘చుళి’. ఊరి పేరు అట్లా వచ్చింది.

ఈ మాట వినగానే మా పాప, “పిళ్ళైయార్ చుళిలో ఉన్న చుళేనా?” అన్నది. నేను అంతవరకు ఆలోచించలేదు. తమిళులు ఏమి వ్రాయాలన్నా కాగితం నెత్తిన వినాయకుడి పేర ఒక చిన్న సుడి చుడతారు. మా ఆఫీసులో చిల్లరఖర్చు చీటీమీద గూడా చుడతారు. మన పెద్దలు శ్రీకారం చుట్టినట్లే. “అదే మాట” అన్నాను. “అయితే ఈ ఊరు మొదటి అక్షరమన్నమాట” అన్నది పాప. చిన్నపిల్లలు ఒక్కొక్కప్పుడు ఇట్లా అంటుంటారు. పెద్దవాళ్ళం దానిని పట్టుకొని వ్యాసాలు వ్రాస్తాము.

గుడికి దగ్గరలోనే సుందర మందిరం. మహర్షి తండ్రి సుందరమయ్యర్ పేర ఆ ఇంటిని పిలుస్తారు. రమణాశ్రమం వారు కాపాడుతున్నారు. 1879 డిసెంబరు 30వ తేదీ, అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు, ఆరుద్రా దర్శనం పర్వంలో అళగమ్మకు ఆ ఇంట్లో బిడ్డ పుట్టాడు. పేరు వెంకటరామన్. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉన్నది. మా ఇంటావిడ కళ్ళు మూసికొని కూర్చున్నది. నేను గూడా మూసికొన్నాను గాని, నాకు కనబడినది వీధి నీళ్ళలో పోయే గుణింతాల పడవ.

ఎందుకంటే ఆ ఇంటి కథలలో కాగితపు పడవల కథ ఒకటి ఉన్నది. బయట అరుగుమీద కూర్చొని, పులిహోర పొట్లాలు విప్పుకొన్నాక, పిల్లలకు ఆ కథ చెప్పాను. సుందరమయ్యర్ ఆ ఊళ్ళో వకీలు పని చేసేవాడు. వెంకటరామన్ ఆరేండ్లవాడై ఉండగా, తండ్రిగారి పాత కోర్టుకాగితాల కట్ట దొరికితే విప్పి, పడవలు చేసి నీళ్ళలో వదిలాడు. తండ్రి ఇంటికి వచ్చి చూచి మండిపడి, వీణ్ణి వెళ్ళగొట్టండి అని కేకలు వేశాడు. పిల్లవాడు మాయమయ్యాడు. భోజనం వేళకు ఊరంతా వెదికారు. చివరకు గుడిలో అమ్మవారి విగ్రహం వెనుక మౌనంగా కూర్చొని కనబడ్డాడు.

మా వాడు పులిహోర తినడం ఆపి విన్నాడు. అంతా అయినాక, “వాళ్ళ నైనా గూడా నీ మాదిరేనా?” అని అడిగాడు.

మా ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొన్నది. నేను, “అవునురా, నా మాదిరే” అన్నాను. వేరే ఏమనగలను?

“ఆ పడవలు తేలినాయా?”

“తేలే ఉంటాయి.”

“మనవి తేలినాయి” అన్నాడు వాడు. ఆ తగవు తరువాత నాతో సరిగా మాట్లాడిన మొదటి మాట అది.

సాయంత్రం గుడి తెరిచేవరకు చేసే పని లేదు. పిల్లలు ఏటి వైపు పోయారు. నేను మండపం నీడలో కూర్చొని ఆ పిల్లవాడి తరువాతి కథ తలచుకొంటూ ఉంటే, చిన్నప్పటి నుండి తెలిసిన విషయమే ఒకటి కొత్తగా కనబడింది.

1892లో తండ్రి పోయాక వెంకటరామన్ మదురలో పినతండ్రి సుబ్బయ్యర్ ఇంట పెరిగాడు. బడిచదువులో శ్రద్ధ లేదు. ఒక్కసారి వింటే పాఠం ఒప్పజెప్పగల జ్ఞాపకశక్తి ఉండి గూడా పుస్తకం ముట్టేవాడు కాదు, ఆటలు, కుస్తీలు. అటువంటివాడికి పదహారవ ఏట ఇంట్లో ఒక పుస్తకం చేతికి తగిలింది. పెరియపురాణం. పన్నెండవ శతాబ్దంలో శేక్కిళార్ వ్రాసిన అరువది ముగ్గురు నాయనార్ల చరిత్ర. పినతండ్రి తాను చదువుకోవడానికి ఎవరి దగ్గరో అరువు తెచ్చుకొన్న ప్రతి అది. పిల్లవాడికోసం తెచ్చినది కాదు. చదవమని ఎవరూ చెప్పలేదు, ఎన్ని పుటలయినవని అడిగినవారు లేరు. తానుగా విప్పి, విడిచిపెట్టలేక చదివాడు. మతగ్రంథమంటే బడిలో చెప్పిన బైబిలు తప్ప అంతకుముందు చదివినది లేదు. పేజీలు తిప్పుతూ ఆశ్చర్యపడ్డాడని, కన్నీరు పెట్టుకొన్నాడని చరిత్రకారులు వ్రాశారు.

ఆ అరువదిముగ్గురిలో కన్నప్ప మనవాడు. శ్రీకాళహస్తి అడవిలో వేటగాడు. పాల్కురికి సోమనాథుడు, ధూర్జటి తెలుగులో చెప్పిన కన్నప్పే. పెద్దవాడై మహర్షి అయిన తరువాత గూడా ఆయన ఆ కథ చదివేటప్పుడు గొంతు పూడుకొని ఆగిపోయేవారట. పదహారేండ్ల కుర్రవాడు ఇష్టపడి చదివినది డెబ్బయ్యవ ఏటికి గూడా కరగలేదు.

అదే కుర్రవాడు 1896 ఆగస్టులో ఇంగ్లీషు వ్యాకరణపాఠం మూడుసార్లు వ్రాసుకొని రావాలని బడిలో శిక్ష పడితే, రెండుసార్లు వ్రాసి, మూడవసారి కాగితాలు ప్రక్కకు త్రోసి కళ్ళు మూసుకొన్నాడు. అన్న మందలించాడు. ఆ రోజే, ఆగస్టు 29న, ఇల్లు విడిచి అరుణాచలానికి బయలుదేరాడు. దారి ఎట్లా తెలిసింది? ఇంట్లో ఉన్న ఒక పాత అట్లాసు తీసి చూచాడు. అందులో తిరువణ్ణామలైకి దగ్గర రైలుస్టేషను తిండివనమని ఉన్నది. అప్పటికే విళుపురం నుండి తిరువణ్ణామలైకి రైలు పడింది. పాత పటంలో అది లేదు. రైలులో ఒక మౌల్వీగారు చెబితే గాని తెలియలేదు. సెప్టెంబరు 1న చేరాడు. అంటే ఆ ఇంట్లో ఆయనకు పనికివచ్చిన పుస్తకాలు రెండు. ఒకటి అరువుది, ఒకటి తప్పుది. కొని ఇచ్చి, కూర్చోబెట్టి, లెక్కపెట్టి చదివించినది ఆయన త్రోసివేసినదే.

నేను నా రిజిస్టరు తలచుకొన్నాను.

తెలుగు సంగతి గూడా తలచుకొన్నాను. మహర్షికి తెలుగు పుట్టుకతో వచ్చిన భాష కాదు. కొండమీద ఉన్న కాలంలో భక్తులు తెచ్చే పుస్తకాలు చదువుతూ, వారితో మాట్లాడుతూ నేర్చుకొన్నారు. 1927లో తమిళంలో వ్రాసిన ఉపదేశసారాన్ని సంస్కృతం, తెలుగు, మలయాళాలలోకి తామే మార్చి వ్రాశారు. చిరిగిన పుస్తకాలను అంటించి, కుట్టి, బైండు చేయడం ఆయనకు ఇష్టమైన పని. ఆయనకు ‘భగవాన్ రమణ మహర్షి’ అని 1907లో పేరు పెట్టినది బొబ్బిలి దగ్గర కలవరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతిముని. ఆయన మాటలను లేఖలుగా వ్రాసి మనకు ఇచ్చినది సూరి నాగమ్మగారు. ఆమె బాల్యంలోనే వితంతువు. బడి మెట్టు ఎక్కలేదు. ఇంట్లోనే అక్షరాలు నేర్చుకొని పోతన భాగవతం చదువుకొన్నది. 1945లో అన్నగారికి వ్రాయడం మొదలుపెట్టిన ఆ ఉత్తరాలే ‘శ్రీరమణాశ్రమ లేఖలు’. పుటకు ఐదు రూపాయలు ఆమెకు ఎవరిచ్చారు?

గుడి తెరిచాక దర్శనం చేసికొన్నాము. పాప అమ్మవారి వెనుక వైపు తొంగి చూడాలని మారాం చేసింది. పూజారి నవ్వి, అక్కడ ఎవరూ లేరమ్మా అన్నాడు.

తిరుగు బస్సులో పిల్లలిద్దరు నిద్రపోయారు. మన ప్రాంతం వారికి ఇంకొక మాట గుర్తు చేస్తాను. కోవిల్పట్టికి ఆనుకొని ఉన్న ఇడైసేవల్‌లో తెలుగు మాట్లాడే ఇళ్ళలో ఒకరినొకరు ఎరిగిన ఇద్దరు స్నేహితులు పుట్టారు, కు. అళగిరిసామి, కి. రాజనారాయణన్. ఇద్దరు వ్రాసినది తమిళం. రాజనారాయణన్ ఎనిమిదవ తరగతి దాటలేదు. తాను వానకు తలదాచుకోవడానికి బడికి పోయానని, అక్కడ గూడా వాననే చూస్తూ ఉన్నానని చెప్పుకొన్నాడు. మన పూర్వులు తెలుగునాడు విడిచి దక్షిణానికి వచ్చిన కథను 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా వ్రాసినది ఆయనే. దాని తరువాతి ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అళగిరిసామి 1970లో పోయాడు; ఆ సంవత్సరమే ‘అన్బళిప్పు’ సంపుటికి అదే బహుమతి. ‘అన్బళిప్పు’ కథలో ఒక పత్రికా ఉద్యోగి ఇంటికి ఇరుగుపొరుగు పిల్లలు పుస్తకాలకోసం ఎగబడుతూ ఉంటారు. అతడు కొత్త సంవత్సరానికి ఇద్దరికి డైరీలు ఇచ్చి, సారంగన్ అనేవాడిని మరచిపోతాడు. ఆ పిల్లవాడు తానే ఒక డైరీ సంపాదించి, ఇతని చేతికి ఇచ్చి, ‘నా ప్రియమైన సారంగనుకు’ అని వ్రాసి ఇవ్వమంటాడు. పిల్లలకు పుస్తకం కంటె పుస్తకం ఇచ్చే మనిషి ప్రేమ ముఖ్యమని తెలిసినవాడు వ్రాసిన కథ. వీరిద్దరు తెలుగులో వ్రాయలేదే అని మన సంఘంలో కొందరు పెద్దలు నొచ్చుకొంటారు. నేను నొచ్చుకోను. చదువు మీద రుచి ఏ భాషలో తగిలినా తగలనీ. ఒక లిపిలో రుచి మరిగినవాడు రెండవ లిపిలోకి నడిచి పోగలడు. ఇది నేను పుస్తకాలలో చూచి చెప్పే మాట కాదు. నా సంగతే.

నాకు తెలుగు ఎవరూ నేర్పలేదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మద్రాసులో తెలుగున ‘చందమామ’, తమిళాన ‘అంబులిమామ’ మొదలుపెట్టారు గదా. 2013 ప్రాంతంలో ఆగిపోయేవరకు రెండింటిలోను అవే కథలు, అవే బొమ్మలు. మా నాయనగారు రెండూ తెప్పించేవారు. తెలుగుది తనకు, తమిళానిది నాకు. రెండింటిని ప్రక్కప్రక్కన పరచి, ఈ బొమ్మ క్రింద ఇక్కడ ఉన్న మాట అక్కడ ఏ ఆకారంలో ఉన్నదని చూస్తూ చూస్తూ ఉంటే ఒక ఏడాదికి తెలుగు వచ్చింది. ఆయన ఏనాడూ ‘చదువు’ అనలేదు. ‘నాది నలపకుండా పెట్టు’ అనేవారు. ఈ సంగతి నాకే తెలిసి ఉండి, నేను వెళ్ళి రిజిస్టరు కుట్టాను చూడండి!

ఇంటికి వచ్చిన మరునాడు అటక ఎక్కాను. బైండు చేసిన పాత సంపుటాలు నాలుగు దొరికినవి. రెండు తమిళం, రెండు తెలుగు, అవే నెలలవి. దులిపి, గోడగూటిలో పిల్లలకు అందేటట్లు పెట్టి ఊరుకొన్నాను. ఊరుకోవడం చాలా కష్టమైన పని. పది రోజులు ఎవరూ ముట్టలేదు. తరువాత పాప బొమ్మలకోసం తీసింది; రాజు భుజంమీద శవం చూచి కేకపెట్టి, తమిళం కూడబలుక్కొంటూ చదివింది. ఫోను చూస్తున్న వాడికి వినబడింది. ఇద్దరూ కలిసి చదువుతూ ఉండగా ఒకచోట చెదలు తిని నాలుగు పుటలు లేవు. బేతాళుడు ప్రశ్న అడిగాడు. రాజు చెప్పిన జవాబు చెదల కడుపులో ఉన్నది.

“నైనా, రాజు ఏం చెప్పినాడు?”

నాకు జ్ఞాపకం ఉన్నది. “మరచిపోయానురా. తెలుగు పుస్తకంలో ఉంటుంది” అన్నాను.

వాడు నన్ను అనుమానంగా చూచాడు. అయినా తెలుగు సంపుటం తీశాడు. నా బాలశిక్ష ఎనిమిది పుటలు వృథా కాలేదు, సగం అక్షరాలు గుర్తున్నవి. “ఈ ‘బ’కు ఎందుకు తల, తోక ఉన్నవి?” అని వచ్చాడు. అది ‘భ’, తమిళంలో లేదు, కడుపులోనుండి పలకాలి అని చెప్పాను. ఇద్దరూ నడవలో నిలబడి ‘భ, భ’ అని పలుకుతుంటే మా అమ్మ ఎవరికి దెబ్బ తగిలిందోనని లేచి వచ్చింది. ఒక్క కథ ముగియడానికి మూడు సాయంకాలాలు పట్టింది. ఆ తరువాత నాలుగు రోజులు మళ్ళీ ఫోనే. ఇప్పుడు వారానికొక కథ, ఒక్కొక్క వారం అదీ లేదు. పాప మాత్రం అన్నను వదలడం లేదు.

మా నాయనగారి నోటుబుక్కులో ఒక పుట ఉన్నది. పదకొండేండ్ల క్రిందటి తేదీ. ఆ నాడు పడిన వాన, ఆసుపత్రి నుండి వచ్చిన కబురు, పుట్టినవాడి బరువు, వాడి ముక్కు ఎవరి పోలికో, అంతా ఆరు వరుసలలో వ్రాసి ఉన్నది. అట్లాంటి పుట ఉన్నదని వాడికి నేను చెప్పలేదు. నోటుబుక్కు గూడా తెచ్చి ఆ గూటిలోనే పెట్టాను, చందమామల క్రింద.